ముందు లేచే వేళ, తర్వాతే పడుకునే వేళ

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన మర్నాటి నుంచే పాపాయిని రాత్రి ఎనిమిదికల్లా పడుకోబెట్టాలని పిల్లల నిద్ర గురించిన మీ వ్యాసంలో రాశారు. చెప్పినంత తేలిక కాదండీ. భోగిపళ్ల పేరంటం, కనుమ నాటి చుట్టాల సందడి, ఈ చంక నుంచి ఆ చంకకు మారుతూ పది దాటాక నిద్రపోవడం అలవాటైన పిల్లకు ఎనిమిదంటే ఇంకా సాయంత్రమే! మా అత్తగారు ముందు లేచే వేళను పట్టుకున్నారు. రాత్రి ఎంత ఆలస్యమైనా ఉదయం ఏడింటికి కిటికీ తలుపులు తెరిచేసేవారు. వెలుతురు పడగానే మా పది నెలల పాప మూతి ముడిచి, కళ్లు నులుముకుంటూ లేచేది. పగటి నిద్రను సాయంత్రం నాలుగు దాటనిచ్చేవారు కాదు. పడుకునే వేళ దానంతటదే రోజూ కాస్త ముందుకు జరిగింది.

పగలు అసలు పడుకోనివ్వకండి అనే సలహా మాత్రం వినకండి. 4 నుంచి 11 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి 12–16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అలిసిపోయిన పసిబిడ్డ ఇంకా పేచీ పెడుతుంది.

అన్నట్టు, పాపకంటే మా వారిని దారికి తేవడమే కష్టంగా ఉంది. అర్ధరాత్రి దాకా అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని టీవీ చూసే పెద్దవాళ్ల గురించి కూడా ఒక వ్యాసం రాయండి.