ఒకే ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు అన్నారంటే, విక్టోరియా రాణి కాలంనాటి బ్రిటిష్ యుద్ధనౌకను వారు చూడలేదన్నమాట. అక్కడ తెరచాపా పొగగొట్టమూ ఒకే కొయ్య ఓడ మీద కాపురం చేశాయి. మసి ఒకరిది, ఉతుకు ఇంకొకరిది.

దీన్ని చూసి నవ్వేవారున్నారు. నేను ఆ గుంపులో లేను. గాలి ఉచితం, బొగ్గుకు డబ్బు కావాలి. ఆ రోజుల ఇంజన్లు బకాసురులు. దూరదేశాల్లో బొగ్గు దొరికే రేవులు కొద్ది. కనుక గాలి వీస్తే ఇంజన్ ఆపాలి. ఇంజన్ తిప్పే మరరెక్క, అంటే ప్రొపెల్లర్, ఊరికే నీళ్లలో వేలాడితే ఓడను వెనక్కి పట్టి లాగుతుంది కనుక దాన్ని పైకెత్తాలి, పొగగొట్టాన్ని లోపలికి దించాలి. వారియర్ అనే నౌకలో ఆ ప్రొపెల్లర్‌ను ఎత్తడానికి 600 మంది తాళ్లు పట్టేవారు. అది ఇనప ఓడ కదా అంటారా? ఒళ్లు ఇనుమైనా బుద్ధి కొయ్యదే. పైగా ఆ 600 మంది తిండి ఖర్చు బొగ్గు పద్దులో పడదు కాబట్టి ఆదా ఆదాయే.

అసలు ప్రొపెల్లర్‌ను ఒప్పుకున్న తీరే ముచ్చటైనది. 1845 ఏప్రిల్‌లో ప్రొపెల్లర్ ఉన్న రాట్లర్ అనే నౌకను, పక్కల చక్రాలతో నడిచే అలెక్టో అనే నౌకను తోకకు తోక కట్టి లాగించారు. రాట్లర్ అవతలిదాన్ని రెండు నాట్లకు (ఓడల వేగానికి కొలత) పైగా వేగంతో వెనక్కి ఈడ్చుకుపోయింది. దాని ఇంజన్ బలం ఎక్కువన్నది చిన్న విషయం. ప్రొపెల్లర్ ఓడలకు అప్పటికే ఆర్డర్లిచ్చేశారన్నది ఇంకా చిన్న విషయం. నిర్ణయం ముందు, పరీక్ష తర్వాత: ఫలితం తప్పే ప్రమాదమే లేదు.

పొదుపు సంగతికొస్తే, తెరచాపల కోసమని మొదలుపెట్టిన విండ్సర్ కాజిల్ అనే నౌకను 1852లో రెండు చోట్ల కోసి, 30 అడుగులు పొడిగించి, సిమూమ్ అనే ఇనప నౌక నుంచి ఊడదీసిన ఇంజన్ బిగించారు. అది నీళ్లలోకి దిగిన రోజే నెపోలియన్‌ను ఓడించిన సేనాని వెల్లింగ్టన్ డ్యూక్ కన్నుమూశాడు. వెంటనే ఆయన పేరు పెట్టారు. ఒళ్లు అతుకు, గుండె అరువు, పేరు దివంగతుడిది. ఫిరంగులు మాత్రం 131, అన్నీ సొంతం.

ఇక 1859 నవంబర్ 12న రాణి పేరే పెట్టుకున్న విక్టోరియా అనే నౌక జలప్రవేశం చేసింది. 121 ఫిరంగులు, సుమారు వెయ్యిమంది సిబ్బంది. ఇనప కవచం లేని అంత పెద్ద కొయ్య యుద్ధనౌక మరొకటి సేవలోకి రాలేదు. సరిగ్గా 12 రోజులకు ఫ్రెంచివారు కొయ్య ఒంటికి 12 సెంటీమీటర్ల ఇనప కవచం తొడిగిన గ్లోయిర్‌ను నీళ్లలోకి వదిలారు. ఇంకొకరైతే కొయ్య ఓడల కాలం చెల్లిందని కంగారుపడి విక్టోరియాను విరగ్గొట్టించేవారు. బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీ నింపాదిగా అయిదేళ్లు ఆగి, 1864లో దాన్నే మధ్యధరా నౌకాదళానికి సేనాధిపతి ఉండే పతాక నౌకగా పంపింది. గాలి వాలుగా ఉంటే పొగగొట్టాలు దించుకునే వెళ్లి ఉంటుందని నా నమ్మకం. బొగ్గు అప్పటికీ ఉచితం కాలేదు.