రైలు తరఫున ఒక ఫిర్యాదు

రెండంటే రెండే సెకన్ల చప్పుడు మీద జర్మనీలో ఇరవై ఏళ్లకు పైగా కేసు నడిచింది, కానీ అసలు నష్టపోయిన రైలుని ఇంతవరకూ ఒక్క జడ్జీ కూడా బోనెక్కించి అడగలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఫిర్యాదు.

1977లో డ్యూసెల్‌డార్ఫ్‌కి చెందిన క్రాఫ్ట్‌వర్క్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం, యూరప్ దేశాల మధ్య తిరిగే రైళ్ల పేరు మీద ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ అనే పాట చేసింది. సూటూ టై కట్టి, తల నున్నగా దువ్వుకుని, లోన్ ఇవ్వం అని చెప్పడానికే పుట్టిన బ్యాంకు మేనేజర్లలా ఉంటారు నలుగురూ. పాటలో పారిస్‌లో పొద్దున్నే రైలెక్కుతారు, వియన్నాలో రాత్రి కేఫ్‌లో కూర్చుంటారు, సొంతూరికి తిరిగొచ్చి రాక్ గాయకులు ఇగ్గీ పాప్‌నీ డేవిడ్ బౌయీనీ కలుస్తారు. కథ అయిపోయింది. సామాన్లు లేవు, తోపులాట లేదు, “మీదే ఊరండీ?” అని మొదలుపెట్టి జీతం దాకా లాగే పెద్దాయన లేడు. ఎందుకుంటాడు, 1957లో మొదలైన ఆ రైళ్లు మొదట్నుంచీ ఫస్ట్ క్లాస్‌వే కదా!

ఇక నేరం సంగతి. పట్టాల అతుకుల మీదుగా పెట్టెలు దాటేటప్పుడు వచ్చే టకటక-టకటకని శ్రద్ధగా విన్నారు, దానికి డాన్స్ చెయ్యలేమని తేల్చారు, కాస్త సరిచేసి వాడేసుకున్నారు. రైలు పరువు ఏం కావాలి? 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా అనే డీజే ఈ పాట ట్యూన్‌నే ‘ప్లానెట్ రాక్’లోకి తెచ్చి హిప్‌హాప్ కుర్రాళ్లని గిరగిరా తిప్పాడు. అప్పుడూ రైలుకి పైసా రాలేదు.

అదే ఆల్బమ్‌లో దీని వెనకే ‘మెటల్ ఆన్ మెటల్’ వస్తుంది, పేరుకి తగ్గట్టు ఇనుము మీద ఇనుము మోత. అందులోంచి ఆ రెండు సెకన్లు తీసి 1997లో మోజెస్ పెల్హామ్ అనే జర్మన్ సంగీత నిర్మాత ఒక ర్యాప్ పాటకి తిప్పితిప్పి వాడాడు. అంతే, రైలు చప్పుడు అడక్కుండా తెచ్చుకున్న పెద్దమనుషులు మా చప్పుడు అడక్కుండా తీసుకున్నాడని కోర్టుకెక్కారు. కేసు హాంబుర్గ్‌లో మొదలై, 2016లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం చూసి, 2019లో యూరప్ న్యాయస్థానం దాకా పోయింది, మన పల్లెల్లో గట్టు తగాదా కూడా ఇన్ని మెట్లెక్కదు.

రైలు చేత కూడా ఒక దావా వేయిద్దామంటే చిక్కొకటి వచ్చిపడింది. ఇప్పుడు పట్టాలు అతుకుల్లేకుండా వెల్డింగ్ చేసేస్తున్నారు, ఆ టకటక రైలు దగ్గరే సరిగ్గా మిగల్లేదు. సాక్ష్యం కావాలంటే వాళ్ల పాటే పెట్టుకుని వినాలి.