లంగరు నిలిచేది తాడు పొడవు మీద

కొత్తపట్నం నుంచి తూపిలిపాళెం దాకా ఫైబర్ బోటున్న వాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "లంగరు బరువుగా ఉంటే తాడు లోతుకు సరిపడా చాలు. బోటును వెనక నుంచి కట్టుకో, ఎక్కి దిగడానికి సుఖం. ఆగిపోయిన బోటును పొట్టి తాడుతో వేగంగా లాగెయ్. అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజను సముద్రానికే చేశారు, కడగనక్కర్లేదు." నాలుగు మాటల్లో ఒక్కటీ నిలిచేది కాదు.

లంగరుకు పట్టు దొరికేది కొక్కేలు నేలలో దిగబడితేనే. తాడు నేల వెంబడి వాలుగా లాగితే అవి దిగుతాయి, నిలువునా లాగితే ఊడొస్తాయి. లంగరు పైకి తీసేటప్పుడు మనం చేసేదీ అదే కదా! తాడు పొట్టిగా వదిలితే అల లేచినప్పుడల్లా బోటే ఆ పని చేసిపెడుతుంది. బరువు అసలు అక్కర్లేదనను గానీ, తాడు చాలని చోట బరువొక్కటే కాపాడదు.

లెక్క చూడండి. నీళ్లు 4 మీటర్లు, నీటి మీద నుంచి తాడు కట్టే చోటికి 1 మీటరు, పోటుకు మరొకటి. మొత్తం 6. దానికి 5 రెట్లు, అంటే 30 మీటర్లు వదలాలి. గాలి ముదిరితే 7 రెట్లు, 42. చాలామంది నీళ్ల లోతొక్కటే లెక్కేసి 20 దగ్గర ఆపేస్తారు. లంగరు దగ్గర నాలుగైదు మీటర్ల గొలుసు వేస్తే లాగుడు నేలబారుగా ఉంటుంది. తాడు నైలాన్‌దైతే సాగి కుదుపు మింగుతుంది. నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ తాడు చవకే, కాకపోతే ఎవరో ఒకరి ప్రొపెల్లర్‌కు చుట్టుకునేదీ అదే. లంగరు వేశాక ఒడ్డున రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పెట్టుకోండి. ఆ వరుస తప్పి ఒకే వైపు జరుగుతూ పోతుంటే లంగరు జారుతున్నట్టే.

లంగరు తాడు బోటు వెనక కట్టమనడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఇంజను బరువంతా అక్కడే, అంచు ఎత్తు తక్కువ, పైగా అలను చీల్చే వాలు లేదు. ఒక్క అల లోపలికి దూకితే వెనక భాగం ఇంకా దిగుతుంది, రెండో అలకు అడ్డే ఉండదు. సుఖం ఒడ్డున చూసుకోవచ్చు.

లాగేటప్పుడు తాడు పొడుగ్గా, వేగం తక్కువగా ఉండాలి. రెండు బోట్లూ అలల మీద ఒకేసారి లేచి ఒకేసారి దిగేంత దూరం పెట్టుకుంటే తాడు బిగిసి తెగదు. ముఖద్వారం దాటి నెమ్మది నీళ్లలోకి వచ్చాక తాడు కుదించుకోండి. బిగిసిన తాడుకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, కత్తి చేతికందేలా ఉండాలి.

ఇక కడగడం. సముద్రానికి చేసిన ఇంజనైనా, లోపల నీళ్లు తిరిగే దారుల్లో ఉప్పు పేరుకుంటే వేడెక్కుతుంది. మంచినీళ్ల డ్రమ్ములో నీళ్లు తీసుకునే రంధ్రాలు మునిగేలా దించి, గేరు వెయ్యకుండా పదినిమిషాలు తిప్పండి. ఇంజను పక్క నుంచి సన్నటి నీటి ధార పడుతుండాలి. నీళ్లు లేకుండా మాత్రం స్టార్ట్ చెయ్యొద్దు, పంపులోని రబ్బరు రెక్కలు చూస్తుండగానే పోతాయి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడిందంటే సీలు దాటి నీళ్లొచ్చినట్టు. ఇంజను లోహానికి బదులు తాను అరిగిపోయేలా కింద బిగించిన జింకు దిమ్మ సగం అరిగితే మార్చండి, దానిమీద రంగు మాత్రం పూయకండి.