బరాత్‌లో వెల్క్రో ధోతి

మా బావ మొన్న చుట్టాల పెళ్లికి వెల్క్రో ధోతి కొన్నాడు. "గోచీ పెట్టుడు లేదు, కుచ్చిళ్లు పోసుడు లేదు, చుట్టుకొని అతికిస్తే అయిపాయె" అని షాపాయన చెప్పిన మాటలు ఇంటిల్లిపాదికీ అప్పజెప్పాడు. పైగా దానికి జేబు కూడా ఉంది. జేబు కనబడితే మా బావ ఊరుకుంటాడా? సెల్‌ఫోన్, బండి తాళాలు, పవర్ బ్యాంకు, ఎందుకైనా మంచిదని గుప్పెడు వక్కపొడి ప్యాకెట్లు కుక్కాడు.

పెళ్లి పందిట్లో ధోతి బుద్ధిగానే ఉంది. రాత్రి హన్మకొండలో బరాత్ కదిలాకే దానికి అసలు పరీక్ష మొదలైంది.

1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరుకు తన కుక్క బొచ్చును పట్టుకున్న ముళ్లకాయల్ని చూసి వెల్క్రో ఆలోచన తట్టిందట. అంతదూరం ఎందుకు, చేనుగట్టున నడిస్తే మన లాగులను పట్టుకునే ఉత్తరేణి గింజలదీ అదే పని. వెల్క్రోలో ఒక పట్టీకి సన్నని కొక్కేలు, ఇంకో పట్టీకి దారపు ఉచ్చులు ఉంటాయి. పక్కకు గుంజితే మొండికేస్తుంది గానీ, అంచు పట్టి లేపితే సర్రున ఊడొస్తుంది. పాపం ఆ స్విట్జర్లాండ్ పెద్దమనిషి తీన్మార్ ఎక్కడ చూశాడు! మోకాళ్లు వంచి, తొడలు ఎడం చేసి, నడుము తిప్పి ఎగిరే ఆట. ఎగిరినప్పుడల్లా ఆ అంచు కాస్త కాస్త లేస్తూనే ఉంటుంది.

చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి డీజే మోత ఆకాశాన్నంటింది. వెల్క్రో చప్పుడు ఎవరికి వినబడాలి? ముందు జేబు బరువుకు ఎడమ పక్క జారింది, దాని వెంటే మిగతాదీ. పూల పూల చెడ్డీతో బావ చేతులు గాల్లోకి లేపి ఊగుతూనే ఉన్నాడు.

"బావా, ధోతి!" అని గొంతు చించుకున్నాను. ఆయనకు ఏం వినబడిందో, నా వైపు చూసి కన్నుకొట్టి ఇంకో రెండు స్టెప్పులు కలిపాడు. ఈలలు మోగాయి. అవి తన ఆటకే అనుకున్నాడు.

అక్కే జనాన్ని తోసుకుంటూ వచ్చి, ధోతి చుట్టబెట్టి, ఆయన్ని డీజే డీసీఎం వ్యాను చాటుకు గుంజుకుపోయింది. పుస్తెలతాడుకు తగిలించుకున్న పిన్నీసులు ఒక్కొక్కటే ఊడదీసి నడుము చుట్టూ కుట్టినంత పని చేసింది. "కదలకు, గుచ్చుకుంటది. ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి."

అంతలో కెమెరా అబ్బాయి తల దూర్చాడు. "అన్నా, అది జారినప్పుడు లైటు సరిగ్గ పడలే. ఇంకోపారి ఆడుతవా?"