పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు

పాస్‌వర్డ్ తప్పయితే తప్పని వెంటనే చెప్పే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లాగిన్ తెర, పాస్‌వర్డ్ సరిగ్గా ఉండి డెస్క్‌టాప్ తెరుచుకోనప్పుడు మాత్రం ఎందుకు నోరు మెదపదు? తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, మళ్లీ అదే లాగిన్ పెట్టె ప్రత్యక్షమవుతుంది. మళ్లీ కొట్టినా అంతే. ఏం జరిగిందో ఒక్క వాక్యం చూపడానికి అడ్డేమిటి?

కారణం యంత్రానికి తెలియక కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి, అంటే బొమ్మలు లేకుండా ఆదేశాలు టైప్ చేసే తెరలోకి వెళ్లి, జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో యంత్రం ఈసారి ఆన్ అయినప్పటి నుంచి రాసుకున్న చిట్టాను, అంటే లాగ్‌ను తీస్తే, చాలాసార్లు అసలు సంగతి అక్కడే రాసి ఉంటుంది. వాడుకరి సొంత ఫైళ్లుండే డిస్క్ భాగమైన హోమ్ పార్టిషన్‌లో ఖాళీ పూర్తిగా అయిపోయి ఉండవచ్చు. డెస్క్‌టాప్ తెరను వాడుకునే అనుమతి ఉండే ఎక్స్‌అథారిటీ అనే దాగిన ఫైలు, సర్వాధికారాలున్న రూట్ ఖాతా పేరు మీదికి వెళ్లిపోయి, అసలు వాడుకరికే అది అందకుండా పోయి ఉండవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ అప్‌డేట్ అయ్యాక, తెర మీద బొమ్మను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ దానికి సరిపడేలా తయారు కాకపోయి ఉండవచ్చు. మొదటిదానికి కొన్ని అనవసరపు ఫైళ్లు తొలగిస్తే చాలు. రెండోదానికి ఫైలు యజమానిని మార్చే ఒకే ఒక్క ఆదేశం చాలు. ఇంత చిన్న మరమ్మతు తెలియక మనిషి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని తుడిచి మళ్లీ ఎక్కించుకోవాలా?

డిస్క్ నిండిందన్న ముక్కను ఆ లాగిన్ పెట్టె కిందనే చూపవచ్చు కదా! లాగ్ చదవమనడం తేలికే. కన్సోల్ అనేది ఒకటుందని కూడా ఎరగని కొత్త వాడుకరి ఆ మూడు మీటలను ఎలా ఊహించగలడు? అదీ ఆ తెర మీద ఎక్కడా రాసి ఉండదు.