పంటు మెల్లగానే వస్తుంది, మరి టైర్లు ఎందుకు కట్టారు?

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం, అంటే బళ్లనూ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ కోసం, ఎదురుచూస్తుంటే, పక్కనే ఇంటర్ ఫస్టియర్ కుర్రాడు ఒకడు ఫిజిక్స్ గైడు తిరగేస్తున్నాడు. ప్రచోదనం అంటే ఏంటని అడిగాను. తడుముకోకుండా చెప్పాడు: బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేదే ప్రచోదనం, అది ద్రవ్యవేగంలో వచ్చిన మార్పుకు సమానం. ఈలోపు నర్సాపురం వైపు నుంచి పంటు దగ్గరికొచ్చేసింది. "దాని పక్కన ఆ పాత టైర్లు ఎందుకు కట్టారు బాబూ?" అన్నాను. "మెత్తగా ఉంటాయి కదండీ, దెబ్బ తగలదు" అన్నాడు. మెత్తగా ఉంటే దెబ్బ ఎందుకు తగ్గుతుందని అడిగితే మాత్రం ఆగిపోయాడు. రెండు నిమిషాల కిందట తాను అప్పజెప్పిన వాక్యంలోనే జవాబు ఉందని అతనికి తట్టలేదు.

ఆ కుర్రాణ్ని తప్పుపట్టను. మనం ఈ పాఠం చెబుతున్న తీరే అలా ఉంది. ద్రవ్యవేగం, అంటే మొమెంటం, అనగానే ద్రవ్యరాశి ఇంటూ వేగం అని రాయించి లెక్కల్లోకి దిగిపోతాం. "ఎంతసేపట్లో ఆగింది?", "ఎటు వెళ్తోంది?" అనే రెండు ప్రశ్నలు పిల్లల నోటి నుంచి రావడం లేదు. నా దృష్టిలో ఈ పాఠం ప్రాణమంతా ఆ రెండింట్లోనే ఉంది.

ఆ రేవులోనే లెక్క వేసి చూద్దాం. బళ్లు, మనుషులతో కలిపి పంటు 30 టన్నులు అనుకుందాం. ఒడ్డు చేరేటప్పుడు వేగం సెకనుకు అర మీటరు, మనం తీరిగ్గా నడిచే నడక కన్నా తక్కువ. ద్రవ్యవేగం 15,000 కిలోగ్రాం మీటర్ పర్ సెకండ్. కట్టకు నేరుగా తగిలి సెకనులో పదో వంతులో ఆగితే దాని మీద పడే బలం 1,50,000 న్యూటన్లు, అంటే సుమారు 15 టన్నుల బరువు. మధ్యలో టైర్లు నలిగి, ఆగడానికి ఒక సెకను పట్టిందనుకోండి, అది టన్నున్నరకు దిగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ పోయిన ద్రవ్యవేగం ఒకటే. టైరు చేసిందల్లా కాలాన్ని సాగదీయడం. మెత్తదనం అంటే ఫిజిక్స్‌లో అదే.

కొబ్బరి దింపు చూసిన కోనసీమ పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. 12 మీటర్ల చెట్టు మీద నుంచి వదిలిన కాయ నేలకు చేరేసరికి వేగం గంటకు దాదాపు 55 కిలోమీటర్లు. తడి మట్టిలో పడితే దిగబడుతుంది, సిమెంటు రోడ్డు మీద పడితే పగలొచ్చు. అందుకే లేత బొండాల గెలను కోసి వదిలేయరు, తాడు కట్టి మెల్లగా దించుతారు. కింద పడనిచ్చి ఒక్క క్షణంలో ఆపే బదులు, చేతుల్లో తాడు జారుతుండగా దారి పొడవునా కొంచెం కొంచెంగా ఆపుతారు. దింపు కార్మికుడి అరచేతిలో ఉన్న ఈ పాఠాన్ని బల్ల మీద కూర్చున్న పిల్లాడు సూత్రంగా బట్టీ పడుతున్నాడు.

ఇంకో చిక్కు ఉంది. ఇంటర్ పుస్తకంలో ప్రచోదనం గమన నియమాల పాఠంలో వస్తుంది, అభిఘాతాలు, అంటే వస్తువులు ఢీకొనడం, పని, శక్తి పాఠంలో వస్తాయి. వాటిని అలా పెట్టడానికి కారణం లేకపోలేదు. కానీ రెండో దానికి వచ్చేసరికి మొదటిది పరీక్ష రాసి మరిచిపోయి ఉంటారు. దాంతో ద్రవ్యవేగానికీ, కదలడం వల్ల వస్తువుకు ఉండే గతిజ శక్తికీ తేడా ఏంటన్నది ఎటూ తేలకుండా మిగిలిపోతుంది. ఇద్దరు ఎక్కిన బైకు, మొత్తం 250 కిలోలు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. పంటు ద్రవ్యవేగం దానికి మూడున్నర రెట్లు. గతిజ శక్తి చూస్తే తలకిందులు, బైకుది పంటుకు తొమ్మిది రెట్లు. ఒకే బలంతో ఆపితే ఎంతసేపు పడుతుందో ద్రవ్యవేగం చెబుతుంది, ఎంత దూరం పడుతుందో గతిజ శక్తి చెబుతుంది. ఈ ఒక్క మాట క్లాసులో గట్టిగా చెబితే సగం గందరగోళం పోతుంది.

ఇక "ఎటు" అన్న ప్రశ్న. 150 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో గోడకు కొట్టుకుని 15 మీటర్ల వేగంతో వెనక్కి వచ్చింది. వేగంలో మార్పు ఎంత? చాలామంది 5 అని రాస్తారు. దిశ తిరిగింది కాబట్టి 35. ఈ పొరపాటు చేసే పిల్లలు సిగ్గుపడక్కర్లేదు, ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ అంతటివాడు 1644లో ఇక్కడే దారి తప్పాడు. దిశను వదిలేసి పరిమాణాన్నే లెక్కపెట్టాడు. చిన్న వస్తువు ఎంత వేగంగా వచ్చి గుద్దినా, ఆగి ఉన్న పెద్ద వస్తువు కదలదని రాశాడు. కట్టు విప్పి ఉన్న పెద్ద పడవకు చిన్న దోనె తగలడం చూసినవాళ్లెవరైనా అది తప్పని చెప్పేస్తారు.

దాన్ని సరిదిద్దినవాళ్లలో ముఖ్యుడు హైగెన్స్ అనే శాస్త్రవేత్త. డచ్చివాడు, వాళ్లదీ మనలాగే కాలువల నేల. అదే శతాబ్దంలో ఆ దేశపు వర్తకులు మన పాలకొల్లులో స్థావరం పెట్టుకున్నారు. హైగెన్స్ వాదన ఒక పడవతో మొదలవుతుంది. కాలువలో కుదుపు లేకుండా సాగుతున్న పడవలో ఒకడు రెండు సమానమైన గట్టి బంతుల్ని ఎదురెదురుగా ఒకే వేగంతో ఢీకొట్టిస్తాడు. అవి అదే వేగంతో వెనక్కి మళ్లుతాయి. పడవ వేగం కూడా సరిగ్గా అంతే అనుకుంటే, గట్టు మీద నిలబడ్డవాడికి ఏం కనిపిస్తుంది? ఢీకొనక ముందు ఒక బంతి కదలకుండా ఉంది, రెండోది రెట్టింపు వేగంతో వస్తోంది. ఢీకొన్నాక వచ్చింది ఆగిపోయింది, ఆగి ఉన్నది ఆ రెట్టింపు వేగంతో పోయింది. సమానమైన గోళీలు వేగాలు మార్చుకుంటాయన్న ఫలితం సూత్రాలేవీ లేకుండానే వచ్చేసింది! ఈ వాదన ఉన్న గ్రంథం ఆయన పోయాక 1703లో అచ్చయింది. ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువల్లో ఎన్నో ఏళ్లు పడవలు నడిపిన ప్రాంతంలో, ఈ పడవ కథ ఒక్క క్లాసులోనూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

దిశతో పాటు మరొకటి చూడాలి. 10 టన్నుల రొయ్యల లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఆగి ఉన్న 250 కిలోల బైకును గుద్ది దాన్ని ముందుకు నెట్టుకుపోయిందనుకుందాం. "లారీ ఎక్కువ బలంతో కొట్టింది, బైకు తక్కువ బలంతో కొట్టింది" అంటారు పిల్లలు. రెండింటి మీదా బలం సమానం, ద్రవ్యవేగంలో మార్పూ సమానం. కానీ లారీ వేగం తగ్గేది గంటకు కిలోమీటరున్నర కూడా ఉండదు. బైకు వేగం ఉన్నట్టుండి సున్నా నుంచి 52 దాటిపోతుంది. లారీ డ్రైవరుకు చిన్న కుదుపు, బైకు మీదవాళ్లకు ప్రాణం మీదకి. హెల్మెట్ లోపలి థర్మోకోల్ రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉంటుంది. అది నలగడానికి పట్టే ఆ కొన్ని మిల్లీసెకన్లే తలకు దక్కే కాలం, రేవులో పంటుకు టైరు ఇచ్చినట్టు.

దీన్ని నేర్పడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. క్యారమ్ బోర్డు మీద ఒక కాయిన్‌ను ఇంకో కాయిన్‌కు నేరుగా కొట్టించి, ఏది ఎక్కడ ఆగిందో స్కేలుతో కొలిపించవచ్చు. తర్వాత రెండు కాయిన్ల మధ్య మైనం ముద్ద పెట్టి, అవి అతుక్కుని కలిసి వెళ్లేలా మళ్లీ కొట్టించవచ్చు. రెండుసార్లూ ద్రవ్యవేగం చేతులు మారింది, గతిజ శక్తి రెండోసారి ఎక్కడికి పోయిందో పిల్లల్నే చెప్పమనాలి. ఆ పీరియడ్ అయ్యేదాకా సూత్రాల జోలికి వెళ్లకుండా ఉండమని మాస్టార్లను అడుగుతున్నాను.