భుజం నొప్పెడితే కరెక్ట్‌గా ఈదుతున్నట్టా? ఎవరు చెప్పారండీ బాబూ

ఈత నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఫ్రీస్టైల్‌లో, అంటే బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈతలో, స్పీడ్ రావాలంటే వేళ్లు సందు లేకుండా మూసి గరిటెలా పెట్టాలంట, బొటనవేలు ముందు నీళ్లలో దూరాలంట, నీళ్ల కింద చెయ్యిని ఎస్ ఆకారంలో లాగాలంట, భుజం నొప్పెడితే కండ పడుతున్నట్టేనంట.

వేళ్ల సంగతి చిన్నది. కొద్దిగా ఎడంగా వదిలేసినా ఆ సందుల్లోంచి నీళ్లు జారిపోవు, పైగా అరచెయ్యి ఇంకాస్త వెడల్పైనట్టే పనిచేస్తుంది. బిగిస్తే మోచేతి దాకా ఊరికే అలిసిపోద్ది అంతే.

అసలు కొంప ముంచేది బొటనవేలు. కుర్చీలో కూర్చునే చూడండి, చెయ్యి ముందుకు చాపి బొటనవేలు నేలవైపు తిప్పి పైకెత్తండి, భుజంలో ఎక్కడో పట్టేస్తుంది, ఇప్పుడు అరచెయ్యి చదునుగా పెట్టి ఎత్తండి, హాయిగా లేస్తుంది. భుజం కీలు అంటే పెద్ద గుండు చిన్న చిప్పలో కూర్చున్నట్టు, దాన్ని పట్టుకుని ఉంచేది చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు, బొటనవేలు కిందికి తిప్పి చెయ్యి చాపిన ప్రతిసారీ వాటిని ఎముకకి అతికించే తాడులాంటి భాగం (టెండన్) పైఎముక కింద నలుగుతుంది. నేను నాలుగు నెలలు అలాగే ఈది చొక్కా తొడుక్కోడానికి చెయ్యి లేవని స్థితికి వచ్చా, బావిలో బెండు కట్టుకుని నేర్చుకున్నప్పుడు ఏ నొప్పీ లేదు మరి! వేళ్ల కొసలు ముందు దిగాలి, అదీ తలకి ఎదురుగా కాదు భుజానికి ఎదురుగా, తర్వాత మోచెయ్యి పైనే ఉంచి ముంజేయి కిందికి దించాలి.

ఎస్ గోల మాత్రం గాల్లోంచి పుట్టలేదు. 1972 మ్యూనిక్‌లో 7 గోల్డ్‌లు కొట్టిన మార్క్ స్పిట్జ్‌కి ఇండియానా యూనివర్సిటీలో కోచ్ కౌన్సిల్‌మన్, ఆయన నీళ్లలోపల కెమెరాతో తీసి చూస్తే స్విమ్మర్ల చేతులు వంకరగా కదులుతున్నాయి, విమానం రెక్కని లేపే బలం (లిఫ్ట్) లాంటిదే చేతుల మీద పుట్టి ముందుకి లాగుతోందనుకున్నాడు. తర్వాత తేలిందేంటంటే ముందుకి తోసేది ఎక్కువగా నీటిని వెనక్కి నెట్టడమే, ఆ వంకరలో చాలా భాగం ఒళ్లు పక్కకి దొర్లడం వల్ల వచ్చిందే. కావాలని ఎస్ గియ్యక్కర్లేదు.

ఇక నొప్పి. కండ పట్టేసిన నొప్పి రెండ్రోజుల్లో పోద్ది. చెయ్యెత్తితే భుజం ముందువైపు గుచ్చుతుంటే అది వేరే, స్విమ్మర్స్ షోల్డర్ అని 1974లోనే డాక్టర్లు రాసిపెట్టారు. ఈత ఆపి చూపించుకోండి. నొప్పి లేనివాళ్లు భుజం కండరాలకి బలం కోసం కిటికీ ఊచకి ఎక్సర్‌సైజ్ రబ్బర్ బ్యాండ్ కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని, మోచెయ్యి మడిచి, మోచేతికీ డొక్కకీ మధ్య టవల్ మడిచి ఇరికించి, చెయ్యి మెల్లగా బయటికి తిప్పండి, 15 సార్లు. టవల్ జారిందా, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే.